ఆగమ్మ

“ఆగమ్మా! వాళ్లకు మాట ఇవ్వకు. ముందు ఆ ఫోన్ పెట్టెయ్.”

రేడియేషన్ గది బయట ఫోన్లో మాట్లాడుతున్న కండక్టరమ్మ ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది.

ఎవరో పెద్దావిడ. డెబ్బై దాటి ఉంటాయి. ముక్కు మీదికి జారిన కళ్లద్దాలు. చేతిలో ఊలుతో ఏదో గుండ్రంగా అల్లుతోంది.

“పక్కవాళ్ల ఫోన్ వినడానికి మీరెవరండీ?”

“నేను వినలేదు తల్లీ. వినపడింది. నీ గొంతు అలాంటిది.”

పదిహేనేళ్లు బస్సులో అరిచిన గొంతు మరి. బెంచీ మీద వాళ్లు ఫక్కున నవ్వారు. కండక్టరమ్మకు ఒళ్లు మండింది.

రెండు నెలల క్రితం ఆమె ఎడమ రొమ్ము తీసేశారు. ఇక ఇరవై అయిదు రోజులు రేడియేషన్. కొత్త రొమ్ము సంగతి అడిగితే పై అంతస్తు సర్జన్ ఒకటే మాట అన్నాడు.

“ముందు రేడియేషన్ కానివ్వండి. ఆ తర్వాత ఆరేడు నెలలైనా చర్మం తేరుకోవాలి. అప్పుడు చేద్దాం.”

ఆమెకు అంత ఓపిక లేదు. మధ్యలో నాలుగు రోజులు డ్యూటీకి వెళ్తే, జాకెట్లో కుక్కుకున్న దూది, సంచి పట్టీ రాపిడికి భుజం దాకా ఎగబాకింది. ఎవరో చూసి కిసుక్కుమన్నారు. ఆ ట్రిప్పు అవగానే ఇంటికెళ్లి తలుపేసుకుంది.

ఇప్పుడు వేరే ఆసుపత్రి వాళ్లు వెంటనే సిలికాన్ పెడతామంటున్నారు. రేడియేషన్ సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చట.

“సోమవారం వస్తానని చెప్పేశా. ఆగమనడానికి మీకేం? ఈ వయసులో మీకు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే!”

అనేశాక నాలుక కరుచుకుంది.

పెద్దావిడ నొచ్చుకోలేదు. అల్లిక పక్కన పెట్టి లేచింది.

“ఇలా రా.”

బట్టలు మార్చుకునే తెర వెనక్కి తీసుకెళ్లి జాకెట్ హుక్కులు విప్పింది.

కుడివైపు ఛాతీ గుంటపడి ఉంది. చర్మం ముడతలు పడి చంకవైపు లాక్కుపోయింది.

“ముట్టుకో.”

ముట్టుకుంది. చెక్కలా ఉంది.

“రేడియేషన్ ఇంకా కాకముందే సిలికాన్ పెట్టించుకున్నా. తర్వాత ఆ సెగకు లోపల రాయిలా బిగుసుకుపోయింది. చర్మం చిట్లింది. చివరికి తీసేశారు. అందరికీ ఇలాగే అవుతుందని కాదు. నాకైంది. ఇప్పటికీ ఈ చెయ్యి పూర్తిగా లేవదు.”

“ఎవడండీ ఆ డాక్టరు? వాడి చేతులు పడిపోనూ!”

“ఛ, తిట్టకు. అప్పట్లో కుర్రవాడు పాపం. నేనే తొందరపెట్టా. కాదనలేకపోయాడు.” హుక్కులు పెట్టుకుంటూ అంది. “పై అంతస్తు డాక్టరు ఆగమన్నాడుగా? ఆగు. ఆయన ఊరికే అనడు. చెయ్యి మంచిది.”

సోమవారం కండక్టరమ్మ వేరే ఆసుపత్రికి వెళ్లలేదు. రేడియేషన్‌కే వచ్చింది.

పెద్దావిడ ప్రతి మంగళవారం వచ్చేది. వచ్చిన ప్రతి మనిషికీ ఆగమని చెప్పి చెప్పి, నర్సుల నోట ఆగమ్మ అయిపోయింది.

“పౌడరు రాయకు. వాళ్లిచ్చిన క్రీమే రాయి. మెత్తటి నూలు బట్ట వేసుకో. చెయ్యి బిగుసుకోకుండా రోజూ గోడ మీద వేళ్లు పాకించు.”

“నా నోటికి ‘రైట్ రైట్’ తప్ప ‘ఆగు’ అన్నది అలవాటు లేదు పెద్దమ్మా!”

“అందుకేగా నేనున్నది.”

నాలుగో వారానికి ఛాతీ నల్లబడి మండింది. కండక్టరమ్మ ఏడ్చింది.

“మాడిపోయాను పెద్దమ్మా.”

“మాడలేదే, కమిలింది. పొక్కులొస్తే డాక్టరుకు చూపించు. మిగతాది అదే తగ్గుతుంది.”

చివరి మంగళవారం ఆగమ్మ ఆమె చేతిలో ఊలుతో అల్లిన మెత్తటి రొమ్ము పెట్టింది.

“ఇది జాకెట్లో పెట్టుకో. అడుగున కాస్త బరువు కుట్టాను. ఎగబాకదు.”

ఎగబాకలేదు. పది నెలలు కిక్కిరిసిన బస్సుల్లో ఒక్కసారి కూడా కదల్లేదు. ఎవరూ నవ్వలేదు. కండక్టరమ్మ గొంతు మళ్లీ వెనక సీటు దాకా వినపడింది.

తర్వాత సర్జన్ ఆమె పొట్ట దగ్గరి కండతోనే కొత్త రొమ్ము చేశాడు. కట్లు విప్పిన రోజు అద్దం ముందు చాలాసేపు నిలబడింది. మెత్తగా, వెచ్చగా ఉంది. తనదే.

నడవగలిగిన మొదటి మంగళవారం ఒక సంచి నిండా ఊలు కొనుక్కుని రేడియేషన్ గది దగ్గరికి వెళ్లింది. ఆగమ్మ లేదు. పై అంతస్తుకు వెళ్లి సర్జన్‌ని అడిగింది.

“మీ ఆపరేషన్‌కు వారం ముందు పోయారమ్మా. నిద్రలోనే. అప్పుడు చెబితే మీరు బెంగపడతారని చెప్పలేదు.”

కండక్టరమ్మ కుర్చీలో కూలబడింది.

“ఒక్కసారి దణ్ణం పెట్టుకుందామని వచ్చాను డాక్టర్ గారూ. ఆవిడే లేకపోతే ఆ రోజు వేరే ఆసుపత్రికి వెళ్లిపోయేదాన్ని. ఇంతకీ ఇక్కడ ఏం ఉద్యోగం చేసేవారు?”

“ఉద్యోగమేం లేదు. పంతొమ్మిదేళ్లుగా తనంతట తనే వచ్చేవారు. తన సంగతి మీకేమీ చెప్పలేదా?”

“చెప్పారు. తనే తొందరపెట్టి, పాపం ఎవరో కుర్ర డాక్టరు చేత ఆపరేషన్ చేయించుకున్నానన్నారు.”

సర్జన్ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

“ఆవిడ తొందరపెట్టలేదమ్మా, భయపడుతుంటే నచ్చజెప్పి, ఆ ఆపరేషన్ చేసింది నేనే.”