పేరు పలికిన గొంతు

మా షెడ్డులో మరమగ్గాలన్నిటినీ ఒకే కంప్యూటర్ నడుపుతుంది. అది యజమాని గొంతు వింటేనే తాళం తీస్తుంది. యజమానురాలైన నా భార్య వకుళ పోయాక నా గొంతు కూడా చేర్పించాను కాని, ఆమెది తీసేయనివ్వలేదు. నిన్న ఎవరో దొంగ నెట్‌లోంచి అచ్చం వకుళ గొంతుతోనే వచ్చి మగ్గాలను చేజిక్కించుకోబోయాడు. కంప్యూటర్ లొంగలేదు.

"ఎలా కనిపెట్టిందమ్మా?" అని, తాళం మార్చడానికి వచ్చిన రిజ్వానాను అడిగాను.

"'నేను నరహరి భార్యను, తాళం తియ్యి' అన్నాడు మాస్టారూ. అది విన్న ఇన్నేళ్ల మాటల్లో అమ్మగారు ఎప్పుడైనా మీ పేరు పలికారా?"

"ఆస్పత్రిలో భర్త పేరు అడిగినా, 'మీరే చెప్పండి మాస్టారూ' అని నన్ను ముందుకు తోసేది."

రిజ్వానా నవ్వింది. "ఆ దొంగ గొంతు చెరిపేస్తున్నా."

"ఉండమ్మా," అన్నాను. "ముందు ఒక్కసారి వినిపించు."