మిరప చేలో ముసలాయన

సోమక్కకు ఆ ముసలాయన్ని చూస్తే ఒళ్లు మండిపోతోంది.

మిరప చేలో అందరూ వంగి గబగబా కాయలు ఏరుతున్నారు. ఆయన మాత్రం ఒక మొక్క దగ్గరే చతికిలబడి, ఒక్కో కాయా తుంచి, అటూ ఇటూ తిప్పి చూసి మరీ బుట్టలో వేస్తున్నాడు.

అది చాలదన్నట్టు, పక్క సాళ్ల ఆడవాళ్లు తమ పని వదిలి వచ్చి ఆయన సాలు ఏరి పోతున్నారు. నీళ్లు వస్తే ముందు ఆయనకే. అంబలి పోస్తే ముందు ఆయనకే. పనికి వచ్చాడా, చుట్టపుచూపుగా వచ్చాడా అని సోమక్క గొణుక్కుంది.

ఆమె తొందర ఆమెది. రాష్ట్రం సరిహద్దు దాటి వచ్చి తర్లగూడలో భూమి కౌలుకు తీసుకుని, ఉన్నదంతా ఆ మిరప మీదే పెట్టింది. కాయ ఎర్రగా పండి చెట్టు మీదే ఎండుతోంది. రోజూ సాయంత్రానికి మబ్బు పడుతోంది. ఒక్క వాన కొడితే చాలు, కాయ తెల్లమచ్చలు పడి తాలవుతుంది. తాలుకాయకు సగం ధర కూడా రాదు.

అందుకే ఆమె కూర్చోదు, నిల్చోదు. గట్టు మీద ఈ కొస నుంచి ఆ కొసకు తిరుగుతూనే ఉంటుంది. ఎవరైనా మాట మొదలుపెడితే అది పూర్తయ్యేలోపు ఆమె అవతలి కొసలో ఉంటుంది.

పైగా కూలీలు దొరకని రోజులు. అడవిలో ఇప్పపువ్వు రాలడం మొదలైంది. పువ్వు రాలిందంటే లోపలి ఊళ్లవాళ్లు ఎక్కడ పనిలో ఉన్నా మూట కట్టుకుని వెళ్లిపోతారు. చుట్టుపక్కల చేలన్నీ అప్పుడే ఖాళీ అయ్యాయి. పక్క చేను రాంప్రసాద్ కూలి పెంచాడు, ఊరికి ఆటో పంపాడు. ఆటో ఖాళీగా తిరిగి వచ్చింది.

సోమక్క ముఠా మాత్రం కదల్లేదు.

అదంతా తన గొప్పే అనుకుంది సోమక్క. కూలి బాగా ఇస్తుంది, రెండు పూటలా చాయ్ పోస్తుంది, ఏ రోజు డబ్బు ఆ రోజే చేతిలో పెడుతుంది. మనుషులు ఇంకెందుకు ఆగుతారు? కిటుకేమిటని రాంప్రసాద్ అడిగితే, "పెట్టే చెయ్యుండాలె తమ్మీ" అని నవ్వి పంపించింది.

ముఠాను తెచ్చిన ఆయతిని మాత్రం ఒకసారి నిలదీసింది. ఆయతి అడవి ఊళ్లలో ఉండే దోర్లా తెగ పిల్ల. తెలుగు చక్కగా మాట్లాడుతుంది.

"ఎవరే ఆ ముసలాయన?"

"కేసా తాత అక్కా. మా ఊరి పెద్దాయన. ఉండనీ, ఆయన ఉంటేనే..."

మిగతాది వినడానికి సోమక్క అక్కడ లేదు. గట్టు చివర ఎవరో బుట్ట ఒలకబోశారని అటు పరుగెత్తింది.

మర్నాడు ఆయతి సరుకులకని భోపాల్‌పట్నం సంతకు పోయింది. పొద్దున్నే మబ్బు కమ్మింది. ముసలాయన చుట్టూ మళ్లీ ఆడవాళ్లు చేరారు. ఒక్క మనిషి కోసం ఎంతమంది పని పాడవుతోందోనని సోమక్కకు కడుపు రగిలిపోయింది. రోడ్డున పోతున్న ఆటోను ఆపి, ముసలాయన్ని చెయ్యి పట్టి లేపింది.

అన్యాయం చెయ్యలేదు. పూర్తి కూలి ఇచ్చింది. ఆటో కిరాయి తనే కట్టింది. ఇంటికి పట్టుకుపొమ్మని సంచిలో ఇన్ని మిరపకాయలు కూడా పోసింది.

ముసలాయనకు తెలుగు రాదు. ఏరని సాళ్ల వైపు చెయ్యి చూపించి తన భాషలో ఏదో చెప్పాడు. నెమ్మదిగా, నచ్చజెబుతున్నట్టు, చాలాసేపు చెప్పాడు. పని పోతోందని బాధపడుతున్నాడనుకుంది సోమక్క.

"చాలు తాతా. ఇంటికాడ నీడపట్టున కూసో."

ఆడవాళ్లు పని ఆపి ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఒకామె పరుగున వచ్చి, "నహీ దీదీ, నహీ" అంది. సోమక్క ఆమెను సాల్లోకి తోలేసి, ముసలాయన్ని ఆటో ఎక్కించి పంపేసింది.

ఆ మధ్యాహ్నం ఎవరూ తమ సాలు వదల్లేదు. పని జోరుగా సాగింది. ఈ పనేదో మొదటి రోజే చేసి ఉండాల్సిందని సోమక్కకు అనిపించింది. చాలా రోజుల తర్వాత ఆ పూట ఆమె తృప్తిగా అన్నం తింది.

తెల్లారి చేనుకు వచ్చేసరికి ఖాళీ బుట్టలు ఒకదానిలో ఒకటి పెట్టి ఉన్నాయి. ఆడవాళ్లు మూటలు నెత్తిన పెట్టుకుని రోడ్డెక్కారు. సోమక్క పరుగున పోయి ఆయతికి అడ్డం నిలబడింది.

"ఏందే ఆయతీ? ఎవలన్న ఏమన్న అన్నరా?"

"ఎవలేమనలేదక్కా. ఊర్ల ఇప్పపూల పండుగ పెట్టిన్రట. ఫోనొచ్చింది. మేం పోవాలె."

ఎంత కావాలంటే అంత కూలి పెంచుతానంది సోమక్క. పండుగ కాగానే బండి పంపుతానంది. చివరికి ఆయతి రెండు చేతులూ పట్టుకుంది. సగం చేను కాయతో నిలబడి ఉంది. మబ్బు నెత్తి మీదికి వచ్చింది.

ఆయతికీ బాధగానే ఉంది. "కూలి మాట కాదక్కా. పండుగైనంక ఇంటికాడున్నోళ్లు అడవిల పువ్వంత ఏరుకుంటరు. మేం ఈడనే ఉంటే మాకేం మిగులది. ఏడాదంత మా ఇల్లు దానిమీదనే నడుస్తది."

"పువ్వు రాలవట్టి ఎన్నొద్దులాయె? ఊర్లోళ్లు గన్నొద్దులు ఆగిన్రు గదనే. ఇయ్యాలనే ఏం తొందరొచ్చె?"

"వాళ్లు ఆగలేదక్కా. మేమే ఆపినం."

సోమక్కకు అర్థం కాలేదు. ఆయతి మూట ఎత్తుకుంది.

"మొదటి పువ్వు వేల్పుకు పెట్టందే మా ఊర్ల ఒక్కలు గూడ పువ్వు ముట్టరక్కా, అది పెట్టే పూజారి కేసా తాతనే, నీ చేను ఒడిసేదాక ఊర్ల పండుగ కావద్దని మేమే ఆయన్ని బతిమాలి తెచ్చి ఈడ కూసోబెట్టుకున్నం."