గుమ్మంలో చెప్పులు

“మీ పుస్తకంలో ఆ ఒక్క అధ్యాయం పీకెయ్యండి, ప్రొఫెసర్ పోస్టు మీదే,” అన్నాడు చైర్మన్.

“పీకనండీ,” అంది లెక్చరర్.

ఇంటర్వ్యూ గదిలో మిగతా ఇద్దరు సభ్యులూ మొహమొహాలు చూసుకున్నారు. రకరకాల సంస్కృతుల్లో మనుషుల మనసు ఎలా పనిచేస్తుందో పదిహేనేళ్ళుగా తవ్వుతున్న మనిషి. తీరా పోస్టు చేతికందే వేళ ఈ మొండితనమేమిటి?

చైర్మన్ ఆమె పుస్తకం తెరిచాడు. “ఎన్నో ఏళ్ళ కిందట, గడియ లేని తలుపు బొమ్మ చూపించి, ఈ ఇంటికి ఏం తక్కువైందిరా అని బడిలో అడిగారు. వలస కూలీల పిల్లాడు ‘గుమ్మంలో చెప్పులు లేవు’ అన్నాడు. సున్నా వేసి, చదువుకి పనికిరాడని రాశారు. అందులో తప్పేముంది?”

“తప్పు కాకపోతే ఏంటండీ! వాళ్ళ గుడిసెకి తలుపే లేదు, గోనెపట్టా. ఇక గడియ ఎక్కడ చూస్తాడు? ఇంట్లో మనుషులుంటే గుమ్మంలో చెప్పులుంటాయి. చూసింది చెప్పాడు పాపం. బుర్ర లేనిది వాడికి కాదు, ఆ పరీక్ష తయారుచేసినవాళ్ళకి!”

కళ్ళజోడు సభ్యుడికి పుండు మీద కారం చల్లినట్టయింది. ఆ పరీక్ష ఇప్పటికీ ఆయన విభాగంలోనే అచ్చవుతోంది.

“ఇంతకీ ఆ మహామేధావి ఎక్కడున్నాడో?” అన్నాడు.

“రెండేళ్ళు వెతికాను. పేరు మార్చుకున్నాడేమో, దొరకలేదు.”

“ఎక్కడో మూటలు మోస్తుంటాడు లెండి!”

చైర్మన్ నవ్వలేదు. “ఇది కట్టుకథ కాదని నమ్మకమేమిటి? ఆ పిల్లాడి అసలు పరీక్ష ఫైలు ఇటివ్వండి, పేరు చూస్తాం,” అంటూ చెయ్యి చాపాడు.

ఆమెకి ఒళ్ళు మండింది. సంచిని ఒళ్ళోకి లాక్కుంది. “ఆ మనిషి ఒప్పుకోనిదే బ్రహ్మదేవుడు దిగొచ్చినా చూపించను.”

“పోస్టు పోతుంది.”

“పోతే పోనివ్వండి. నా కుర్చీ కోసం ఓ పసివాడి పరువు బజారుకీడుస్తానా?” అంటూ లేచి నిలబడింది.

చైర్మన్ మిగతా ఇద్దర్నీ టీ తాగి రమ్మని పంపేశాడు. తలుపు మూసుకున్నాక ఆమె కాగితాలు ముందుకు లాక్కుని, ‘ఎంపిక’ అని రాసి సంతకం పెట్టాడు.

“ఆ ఫైలు అలాగే దాచమ్మా,” అన్నాడు. “ఆ సున్నా సంగతి మా అమ్మకి కూడా చెప్పలేదు నేను.”