చెల్లని చదువు

“తల్లి తలుపు తియ్యనంటే ఏం చేస్తావు?” ఇంటర్వ్యూలో అడిగాడు సంస్థ కార్యదర్శి.

“గడప బయటే కూర్చుంటానండి. కాగితం, పెన్ను తియ్యను. అవి చూస్తే జనానికి భయం. పిల్లని బడికెందుకు పంపలేదని అడగను. ఇంట్లో చంటివాణ్ణి ఎవరు చూసుకుంటున్నారని అడుగుతాను. అసలు సంగతి అందులోనే బయటపడుతుందండి.”

ఆయన పెన్ను ఆగింది.

“పొద్దుటి నుంచి ఎవరూ ఇలా చెప్పలేదమ్మా.”

ఆమె గుండె కుదుటపడింది. ఆడపిల్లల చదువు కోసం పనిచేసే ఆ సంస్థలో, ఊళ్ళు తిరిగే కార్యకర్త ఉద్యోగం ఒక్కటే ఖాళీ. అది రాకపోతే సోమవారం నుంచి మళ్ళీ నూలుమిల్లుకే. అత్త ముందే తేల్చి చెప్పింది.

“సర్టిఫికెట్ ఏది?”

ఏడాదిపాటు ప్రతి ఆదివారం బిడ్డని చంకనేసుకుని వెళ్ళి పూర్తిచేసిన సమాజసేవ శిక్షణ తాలూకుది. ప్లాస్టిక్ కవర్లోంచి తీసి ఆయన ముందు పెట్టింది. ఆయన దాన్ని పైపైన ఓసారి చూసి, వేలితో పక్కకి నెట్టాడు.

“ఇది చెల్లదు. మాకు డిగ్రీ కావాలి.”

“చేరేటప్పుడు ఇదుంటే చాలన్నారండి.”

“అమ్ముకునేవాడు తన సరుకు పుచ్చిందని చెబుతాడా? సందుకొకటి వెలిశాయి ఇలాంటి శిక్షణ కేంద్రాలు. నీలాంటివాళ్ళకి ఆశపెట్టి, రంగుకాగితం చేతిలో పెడతారు. ఆ ఉసురు ఊరికే పోదు.”

ఆమెకి ఆయన మీద కోపం రాలేదు. తన తరఫున ఒక్కరైనా కోప్పడ్డారు, అదే పదివేలనిపించింది.

“ఇది చెల్లదన్న ముక్కే రాసివ్వండి సార్. నోటిమాటైతే మా అత్తమ్మ నమ్మదు. నోరు పెగలక పోగొట్టుకున్నావంటుంది.”

ఆయన జాలిగా నవ్వి గుమాస్తాకి పురమాయించాడు. ఉత్తరం వచ్చేసరికి ఫోన్ మోగింది. ఆయన మాట్లాడుతూనే, చదవకుండా సంతకం గీకాడు.

బయట మెట్ల మీద కూర్చుని ఆమె ఉత్తరం చదువుకుంది. ‘మీరు పొందిన శిక్షణకు గుర్తింపు లేదు.’ నలగకుండా సర్టిఫికెట్‌తో కలిపి మడవబోయింది. చెయ్యి ఆగిపోయింది.

సర్టిఫికెట్ కింద, ఏడాదంతా ఆమె ఒక్కసారీ చూడని శిక్షణ కేంద్రం అధ్యక్షుడి సంతకం. ఉత్తరం కింద, ఇంకా తడారని కార్యదర్శి సంతకం.

రెండూ ఒకరివే.