ఎడమచేతి వాటం

మేముండే బ్లాక్‌టౌన్ దగ్గర, గోల్ఫ్ బంతులు కొట్టడం సాధన చేసే డ్రైవింగ్ రేంజ్‌లో నాన్నకి గోల్ఫ్ నేర్పుతున్నాను. రిటైరయ్యాక తోచడం లేదంటే నేనే లాక్కొచ్చాను. నెలైనా బంతి ఒక్కటీ తిన్నగా పోలేదు.

"తల ఎత్తకు, భుజం తిప్పు!" అని అరిచీ అరిచీ విసుగొచ్చి, చేతిలో బంతి నాన్న మీదికి విసిరాను. టక్కున పట్టుకున్నాడు, ఎడమచేత్తో.

నాకు వెలిగింది. పరుగున పోయి లెఫ్ట్ హ్యాండర్లు వాడే క్లబ్, అదే గోల్ఫ్ కర్ర, అడిగి తెచ్చి, నాన్నని అటువైపు తిప్పి నిలబెట్టాను.

ఒక్క స్వింగ్. బంతి గాల్లోకి లేచి, చివరి జెండా దాటి పడింది.

"నాన్నా, యు ఆర్ ఎ లెఫ్టీ! ఇన్నేళ్ళూ చెప్పలేదేం?"

నాన్న ఎడమచేతి మీది మచ్చ తడుముకున్నాడు. చిన్నప్పుడు పెనం తగిలిందని మాకు చెబుతుండేవాడు.

"ఈ చేత్తో అన్నం తిన్నానని మా అమ్మ పెట్టిన వాత, కిరణ్మయీ."

నేను ఇంకో బంతి తెచ్చి ముందు పెట్టాను. "ఇంకోటి కొట్టు నాన్నా" అన్నాను.

నానమ్మ పోయి పదేళ్ళయింది. అయినా నాన్న ఒకసారి వెనక్కి తిరిగి చూసి, క్లబ్ నా చేతిలో పెట్టేశాడు.

"వద్దురా. మా అమ్మ చూస్తుంది."