చాటున్న టెంటు

టెంటులో పడుకున్న పెద్దాయన లేచేలా లేడు.

బయట నిలబడ్డ కృపామణికి ఒళ్ళు మండిపోతోంది.

తిరుపతిలో, రేణిగుంట రోడ్డులో ఢిల్లీబాబు కొట్టు అది. టార్పాలిన్ పట్టలు, గొడుగులు, రెయిన్‌కోట్లు అమ్ముతాడు. తలకోన జలపాతానికి పోయేవాళ్ళు ఎక్కువయ్యారని ఈమధ్య టెంట్లు కూడా తెప్పిస్తున్నాడు. అన్నిటికంటే పెద్దదాన్ని కొట్టు మధ్యలో నిలబెట్టి ఉంచాడు.

క్రిస్మస్ సెలవుల్లో ఇంటిల్లిపాదీ తలకోనలో గడిపి రావాలని కృపామణి, పాల్ ఎప్పటినుంచో అనుకుంటున్నారు. చిన్న టెంట్లన్నీ చూశారు. ఒకదాంట్లో పాల్ కాళ్ళు బయటికొచ్చాయి. ఇంకోదాంట్లోకి పాక్కుంటూ దూరాలి. ఇంట్లో ఉన్న అత్తమ్మ తిరుమలమ్మకు మోకాళ్ళ నొప్పి. ఆమె వంగలేదు.

ఈ పెద్దదాంట్లో హాయిగా నిలబడి తిరగొచ్చు. కింది గుడ్డ గోడలతో కలిపి కుట్టేశారు, నీళ్ళు రావు. కిటికీలకు దోమతెరలు. పిల్లలిద్దరూ దాని చుట్టూ కేరింతలు కొడుతూ తిరుగుతున్నారు.

అదొక్కటే మిగిలింది.

ఆ ఒక్కదాంట్లోనే పెద్దాయన వెల్లకిలా పడుకుని, పక్కన చోటు చేత్తో కొలుచుకుంటున్నాడు. మాసిన చొక్కా, ఎగ్గట్టిన లుంగీ.

"ఇటు తల పెడితే ఇంకో వరస పడుకుంటారు," అని తనలో తానే అనుకుంటున్నాడు.

"పెద్దాయనా, కొనేవాళ్ళం ఈడ నిలబడుకోని ఉండాం," అంది కృపామణి.

"రవ్వంతసేపు తల్లీ," అని ఆయన కొట్టతని వైపు తిరిగాడు. "ఢిల్లీబాబూ, లోపల అడ్డం తెర ఉండాదా? ఆడోళ్ళు గుడ్డలు మార్చుకుంటే బయటికి కనపడదు గదా?"

కృపామణి గిర్రున ఆయన వైపు తిరిగింది.

"ఏమయ్యా! ఆడోళ్ళు గుడ్డలు మార్చుకునే సంగతి నీకెందుకు? ఇంత వయసొచ్చినాక ఇదేం బుద్ధి?"

ఆయన గాభరాగా లేచి కూర్చున్నాడు.

"అది గాదు తల్లీ..."

"తల్లీ గిల్లీ అనొద్దు! పిల్లలుండారు ఈడ. ఏమండీ, మీరు నోరు తెరవరా?"

"ముందు లేసి బయటికి రాప్పా," అన్నాడు పాల్.

ఆయన బయటికొచ్చాడు. లుంగీ దించుకుని, ఢిల్లీబాబు వైపు చూశాడు.

"నిన్ననే చెప్పి పోయినా గదబ్బా, దీన్ని నాకు ఎత్తిపెట్టమని."

ఢిల్లీబాబు తల గోక్కున్నాడు. "అవును మేడం, చెప్పినాడు. కానీ..."

"కానీ లేదు, ఏమీ లేదు! ఒంటి మనిషికి ఇంత టెంటు దేనికి? అడుగు ఆయన్ని!"

"ఒంటిగా గాదమ్మా. శానామందిమి ఉండాము. వానలు దిగినాయి..."

"వానలు నీ ఒక్కడికేనా పడేది?"

అప్పటికే చిన్నపిల్ల నిస్సీ టెంటులో దూరి, కిటికీ తెరలోంచి వాళ్ళక్కను పిలుస్తోంది. ఆయన కాసేపు ఆ పిల్లనే చూశాడు.

"బలే ముచ్చట పడతా ఉండారు పిల్లోళ్ళు. మీరే ఎత్తుకోండమ్మా."

తువ్వాలు నెత్తిన వేసుకుని తుంపరలోకి దిగి వెళ్ళిపోయాడు.

"దానం చేసినట్టు మాట్లాడతాడు సూడు!" అంది కృపామణి. అలాంటి వాళ్ళను కొట్లోకి ఎందుకు రానిస్తావని ఢిల్లీబాబును కూడా కడిగేసింది. అప్పటికీ కోపం తీరలేదు. మర్నాడు ఆఫీసులో చెప్పి, నలుగురి చేత ఆ ముసలాయన్ని తిట్టించింది.

తలకోనలో రాత్రంతా వాన కురిసింది. టెంటులోకి చుక్క దిగలేదు. అడ్డం తెరకు ఒక పక్క అత్తమ్మ, ఇంకో పక్క పిల్లలు హాయిగా నిద్రపోయారు.

తిరుగు ప్రయాణంలో కారు తిరుపతి పెద్దాసుపత్రి దగ్గరికి వచ్చింది. తిరుమలమ్మ కొడుకు భుజం తట్టింది.

"నాయనా, రవ్వంత ఆపు. ఈడ మా అన్న ఉంటాడు. పండగ కేకు ఇచ్చొస్తా."

"నీకు ఈడ అన్న ఎవురుమా?"

"పోయినేడు మీ నాయన ఈడ పడుంటే, మీ ఇద్దరికీ లీవు దొరకలేదంటిరి గదా. అది మగోళ్ళ వార్డు. నేను రాత్రుల్లో బయటనే గదా పడుకునింది."

పాల్ కారు పక్కకు తీసి ఆపాడు. కృపామణి గొడుగు పట్టి అత్తమ్మతో దిగింది.

ప్రహరీగోడ వారగా తాళ్ళతో కట్టిన టార్పాలిన్ పట్ట ఒకటి, సగం చినిగి వేలాడుతోంది. దాని కింద ఆడవాళ్ళు మూటలు ఒళ్ళో పెట్టుకుని, తడవని చోటు వెతుక్కుంటూ ముడుచుకుని కూర్చున్నారు. పక్కనే గోడకు ఆటోవాళ్ళు కట్టిన చిన్న ఫ్లెక్సీ. దాని మీద పూలదండ.

తిరుమలమ్మ కేకు డబ్బా పట్టుకుని దాని ముందే ఆగిపోయింది.

"పోయిన వారం, అమ్మా," అంది పట్ట కింద కూర్చున్న ఒకామె. "గాలివానకి పట్ట లేసిపోతే, మళ్ళా కట్టేదానికి గోడెక్కినాడు. జారి పడినాడు."

కృపామణి ఫ్లెక్సీలోని ముఖం చూసింది. నెత్తిన అదే తువ్వాలు. చేతిలో గొడుగు పక్కకు ఒరిగిపోయింది.

"ఎవరత్తమ్మా... ఈయన?"

తిరుమలమ్మ పైటకొంగుతో ఆ ముఖం మీది వాననీళ్ళు తుడిచింది.

"ప్రేమానందం అన్న. మేము ఆడోళ్ళం ఈ పట్ట సాటున సీర మార్చుకుంటా ఉంటే, ఎంత వానైనా సరే అటు తిరిగి నిలబడుకోని, ఒక్క మగోణ్ణి ఇటు రానీకుండా కాపలా కాసినోడు."