పెరిన్ చెయ్యి

తెల్లవారితే కౌంట్‌గారి మనుషులు వచ్చి పటాన్ని పారిస్ మేడకు పట్టుకుపోతారు. చిత్రకారుడు గాస్పార్ కొవ్వొత్తి పట్టుకుని, చివరి పూత వార్నిష్ వెయ్యడానికి దాని ముందు నిలబడ్డాడు.

పటంలో కౌంట్ దంపతులు తోటలో కూర్చుని నవ్వుతున్నారు. దొరసాని తన ముఖం గీసేవరకే గాస్పార్ ఎదుట కూర్చుంది. ఆమె గులాబీరంగు పట్టుగౌనూ కెంపుటుంగరమూ తొడుక్కుని, మిగతా ఒంటికి వారం రోజులు కూర్చున్నది దాసీపిల్ల పెరిన్. సబ్బునీళ్లకు పగిలిన ఆమె చేతులను గాస్పార్ పాలమీగడలా గీశాడు.

తర్వాత ఉంగరం పోయిందన్నారు. పెరిన్‌ను పట్టుకున్నారు, ఆమె మాట ఎవరూ నమ్మలేదు. సోమవారం అది గాస్పార్ రంగుగుడ్డల్లోనే దొరికింది. మెరుపు దగ్గరగా చూద్దామని ఆమె వేలి నుంచి తీయించుకుని, మరిచిపోయింది తనే. ఇప్పుడు ఇస్తే తననే దొంగంటారని జేబులో దాచుకుని నోరు మెదపలేదు.

గురువారం ఆ పిల్లను ఉరితీశారు.

"ఇంకా పడుకోరా?" మెట్ల మీంచి భార్య తెరేజ్ అడిగింది. "ఆ దొంగపిల్ల చేతులకి దొరసానికే లేని అందం పెట్టారు. ఇంకేం మిగిలిందని?"

"వస్తాలే. నువ్వు పడుకో."

తలుపు మూసుకుంది. ఇల్లు సద్దుమణిగింది. ఎక్కడో పట్టుబట్ట సర్దుకున్న చప్పుడయింది.

గాస్పార్ కొవ్వొత్తి పైకెత్తాడు. పటంలో దొరసాని ఒళ్లో అతను బోర్లించి గీసిన చెయ్యి, ఇప్పుడు వెల్లకిలా ఉంది. ఎర్రగా పగిలిన అరచెయ్యి, అతని వైపు చాచి ఉంది.

అతను జేబు తడుముకున్నాడు. ఉంగరం వెచ్చగా తగిలింది, అప్పుడే ఎవరో వేలి నుంచి తీసి ఇచ్చినట్టు.